లోతైన శాండ్ బెడ్ ఉన్న ఉప్పునీటి ట్యాంకులో రాళ్లు కూలకుండా నిలబెట్టడం ఎలా

రాత్రి పదకొండు దాటాక హాల్లోంచి టక్కుమని చప్పుడొచ్చింది. పిస్టల్ రొయ్య గోరు కొట్టిందనుకుని పట్టించుకోలేదు. అది రోజూ ఉండే గోలే. పొద్దున లేచి చూస్తే పెద్ద పలకరాయి ముందు గాజుకి ఆనుకుని పడి ఉంది. గాజు మీద జానెడు పొడుగున గీత. రాయి కింద నుంచి రొయ్య తోడిపోసిన ఇసుక పక్కన చిన్న దిబ్బలా పేరుకుంది. దాంతో కాపురముండే గాబీ చేప కొత్త కన్నం గుమ్మంలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు నా వంకే చూస్తోంది.

రొయ్యని తిట్టి లాభం లేదు. తవ్వడం దాని వృత్తి. పది సెంటీమీటర్ల ఇసుక పోసి, ఆ ఇసుక మీద రాళ్లు పేర్చింది నేను. గాజు పగలకపోవడం అదృష్టం, అంతే. ఆ తర్వాత కట్టిన ట్యాంకులన్నిటిలో ఒకే పద్ధతి పాటిస్తున్నాను: రాళ్ల బరువు కాళ్ల మీదుగా నేరుగా అడుగు గాజుకి దిగాలి, ఇసుక ఆ కాళ్ల చుట్టూ ఊరికే నిండి ఉండాలి. ఇసుక మొత్తం తోడేసినా రాయి అంగుళం కూడా కదలకూడదు. అది ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను.

ముందు ఇసుక సంగతి

డీప్ శాండ్ బెడ్ అంటే 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున పరిచిన సన్నటి అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్ ఖనిజం) ఇసుక. పలుకు పంచదార అంత, అంతకన్నా సన్నగా ఉన్నా మంచిదే. పై పొరలో ఆక్సిజన్ ఉంటుంది. కిందికి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. ఆక్సిజన్ అందని అడుగు పొరల్లో బతికే బ్యాక్టీరియా నైట్రేట్‌లో ఉన్న ఆక్సిజన్‌ని వాడుకుని, మిగిలిన నైట్రోజన్‌ని వాయువుగా వదిలేస్తుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చిన నైట్రేట్ అలా నీళ్లలోంచి బయటికి పోతుంది. ఇంత లోతు ఇసుక పోసేది ఇందుకే.

ఇది సాగాలంటే ఇసుకలో సన్నటి పురుగులు, చిన్న చిన్న నత్తలు, కంటికి ఆనని క్రస్టేషియన్లు (రొయ్యల జాతి జీవులు) నిత్యం తిరుగుతూ ఉండాలి. వాటి సంచారంతోనే పై నీళ్లు కొద్దికొద్దిగా కిందికి దిగుతాయి. అంటే బతికున్న శాండ్ బెడ్ ఎప్పుడూ కాస్త కదులుతూనే ఉంటుంది. కదిలేదాన్ని పునాదిగా నమ్ముకోకూడదు.

ఇంకో చిక్కుంది. బల్లపరుపు రాయిని ఇసుక మీద బోర్లించినట్టు పెడితే దాని కింద నీళ్లు ఆడవు. తిండి నలుసులు, పెంట అక్కడే చేరి కుళ్లుతాయి. కొన్ని నెలలకి ఆ చోట ఇసుక నల్లబడుతుంది, కదిలిస్తే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. చాలామంది ఈ నల్లమచ్చ చూసి శాండ్ బెడ్ పద్ధతే పనికిరాదంటారు. తీరా చూస్తే ఇసుకకి ఊపిరాడకుండా మూత పెట్టింది వాళ్లే.

మరి రాళ్లని గాజు మీదే పెట్టి చుట్టూ ఇసుక పోస్తే? నిలబడతాయి, అనుమానం లేదు. కానీ డబ్బు పోసి కొన్న లైవ్ రాక్ (సముద్ర జీవులు కాపురమున్న రాయి)లో కింది సగం ఇసుకలో పాతేసినట్టవుతుంది. పాతిపెట్టిన భాగంలోని స్పాంజిలు, పురుగులు ఊపిరాడక చచ్చి కుళ్లుతాయి. పైగా రాయి ఎంత చోటు ఆక్రమిస్తే అంత ఇసుక తగ్గినట్టే. అలా చేయాల్సి వస్తే కింది వరసకి జీవం లేని ఎండు రాళ్లు వాడండి. సన్నగా నిలువుగా ఉండే నాలుగైదు ఎండు రాళ్లని స్తంభాల్లా నిలబెట్టి, వాటి మీద లైవ్ రాక్ పెట్టొచ్చు. పనికొచ్చే పద్ధతే. సరిగ్గా ఒకే ఎత్తున్న రాళ్లు దొరకడమే కష్టం. పైపు ముక్కలతో ఆ బాధ లేదు, కావలసిన ఎత్తుకి కోసుకోవచ్చు.

లెక్క చూసుకోండి

ట్యాంకు అడుగు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు అనుకుందాం. 12 సెంటీమీటర్ల లోతు ఇసుక కావాలంటే సుమారు 86 లీటర్ల ఇసుక పడుతుంది. లీటరుకి ఒకటిన్నర కిలోల లెక్కన వేస్తే దాదాపు 130 కిలోలు. దానికి నీళ్లు, రాళ్లు, గాజు కలిపి స్టాండు మోయాలి. స్టాండు ఆగుతుందా లేదా అన్నది ఇసుక పోశాక ఆలోచించే విషయం కాదు.

రాళ్ల బరువులో ఒక మెలిక ఉంది. అరగొనైట్ సాంద్రత సుమారు 2.9, సముద్రపు నీటిది 1.025. అంటే బయట 20 కిలోలు తూగే ఎండు రాయి, నీళ్లలో పూర్తిగా మునిగి, లోపలి రంధ్రాల్లో కూడా నీళ్లు నిండాక కాళ్ల మీద మోపేది సుమారు 13 కిలోలే. ఇది విని సంబరపడొద్దు. నీళ్లు మార్చడానికి సగం ట్యాంకు తోడినప్పుడు నీళ్ల పైకి బయటపడ్డ రాళ్ల బరువంతా తిరిగి వచ్చేస్తుంది, రంధ్రాల్లో ఇంకా కారని నీళ్లతో సహా. నీళ్లలో నిలబడ్డ గుట్ట నీళ్లు తీసేటప్పుడు ఒరిగేది ఇందుకే. కాబట్టి కాళ్ల బలం ఎప్పుడూ రాయి బయట తడిగా తూగే బరువుకే లెక్కేసుకోండి.

కావలసినవి

తాగునీటికి వాడే పీవీసీ పైపు, 32 లేదా 40 మిల్లీమీటర్లది. దానికి సరిపడే కప్లర్లు, టీలు, ఎల్బోలు. సాల్వెంట్ సిమెంట్. హ్యాక్సా. డ్రిల్లు, 8 మిల్లీమీటర్ల బిట్టు, రాళ్లకి మేసన్రీ బిట్టు. 6 నుంచి 10 మిల్లీమీటర్ల యాక్రిలిక్ లేదా ఫైబర్‌గ్లాస్ కడ్డీలు. ఎపాక్సీ పుట్టీ, జెల్ రకం సూపర్ గ్లూ. మూడు మిల్లీమీటర్ల పీవీసీ షీటు ముక్కలు. ఉప్పు కాగితం. రసమట్టం.

ఇనుము జోలికి పోవద్దు. స్టెయిన్‌లెస్ స్క్రూలు కూడా ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి ఉంటే తుప్పు పడతాయి. రాగి, ఇత్తడి అయితే ఇంకా ప్రమాదం. రొయ్యలకి, నత్తలకి, కోరల్స్‌కి రాగి విషం.

మొదటి పని: బయట పేర్చి చూడటం

ట్యాంకు అడుగు కొలతకి ఒక అట్ట కోయండి. నాలుగు అంచుల నుంచి 8 సెంటీమీటర్లు లోపలికి గీత గీయండి. ఆ గీత దాటి ఏ రాయీ బయటికి రాకూడదు. గాజు తుడిచే అయస్కాంతం దూరడానికి, చెయ్యి పట్టడానికి ఆ మాత్రం చోటు కావాలి. ఇసుక పైతలంలో మూడింట రెండు వంతులైనా రాళ్ల నీడ లేకుండా తెరిచి ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు రాళ్లని ఒక్కొక్కటే నేల మీద పెట్టి, వాటంతట అవి ఎటు కూర్చుంటాయో చూడండి. ప్రతి రాయికీ ఒక సొంత కూర్పు ఉంటుంది. మనకి నచ్చిన ముఖం ముందుకి రావాలని బలవంతంగా తిప్పితే అది ఎప్పుడో ఒకప్పుడు ఎదురు తిరుగుతుంది. బరువైనవి, అడుగు కాస్త చదునుగా ఉన్నవి కిందికి. కొమ్మల్లా చీలిన తేలిక రాళ్లు పైకి.

లైవ్ రాక్‌తో పని అయితే తడి ఆరనివ్వకండి. ఉప్పునీళ్లలో తడిపిన పాత పేపర్లు కప్పుతూ ఉండండి. చేతికి మందపాటి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. బ్రిసిల్ పురుగుల (ఒంటినిండా ముళ్లుండే సముద్రపు పురుగులు) ముళ్లు దిగితే రోజుల తరబడి మంట. జోయాంథిడ్లు, పాలిథోవాలు (కోరల్స్‌కి దగ్గరి జీవులు) అంటుకున్న రాయి అయితే ఇంకా జాగ్రత్త. వాటిలో కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అలాంటి రాయిని డ్రిల్ చేయడం, గట్టి బ్రష్షుతో రుద్దడం వద్దు. శుభ్రం చేద్దామని ఏ లైవ్ రాక్‌నీ నీళ్లలో వేసి మరిగించొద్దు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు.

కాళ్లు కోయడం

మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. కాలు ఒక్క మిల్లీమీటరు వంకరైతే పైన రాయి గడగడలాడుతుంది.

పైపుని అడ్డంగా నిటారుగా కోయడం చూసినంత తేలిక కాదు. దానికో చిట్కా. నిటారైన అంచున్న కాగితపు పట్టీ ఒకటి తీసుకుని పైపు చుట్టూ చుట్టండి. చుట్టిన కాగితం అంచు మీద అంచు సరిగ్గా కూర్చుంటే ఆ గీత పైపుకి కచ్చితంగా అడ్డంగా ఉన్నట్టే. అంచు వెంట పెన్సిల్‌తో గీయండి. హ్యాక్సాతో ఒక్క పక్క నుంచే చివరిదాకా కోయకుండా, గీత వెంట కొద్దిగా కోస్తూ పైపుని తిప్పుతూ పోండి. చుట్టూ గాడి పడ్డాక బ్లేడు దారి తప్పదు.

అన్ని ముక్కలూ కోశాక ఒక గాజు పలక మీద పక్కపక్కన నిలబెట్టి, పైన స్కేలు అడ్డంగా పెట్టండి. కింద వెలుతురు తొంగి చూసిన చోట ఆ కాలు పొట్టి. పొడుగ్గా ఉన్నవాటిని గాజు మీద పరిచిన ఉప్పు కాగితం మీద నిలబెట్టి గుండ్రంగా రుద్దితే సమానమవుతాయి. అన్నీ పొట్టిదాని ఎత్తుకి వస్తే చాలు.

ఎత్తు ఎంత? 12 సెంటీమీటర్ల ఇసుక అనుకుంటే నేను 14 పెడతాను. రాయి అడుగు ఇసుకకి రెండు సెంటీమీటర్లు పైన ఉంటుంది. ఆ సందులోంచి నీళ్లు ఆడతాయి, చేపలు దూరతాయి, కింద మురికి పేరుకోదు. తెల్ల పైపు కనబడుతుందని కొందరు కాలిని ఇసుక మట్టానికి సెంటీమీటరు కిందికే కోస్తారు. అప్పుడు రాయి ఇసుకలోంచి మొలిచినట్టు అందంగానే ఉంటుంది, కానీ మళ్లీ మూతపెట్టిన కథే. దీనికి మధ్యేమార్గం ఒకటుంది. ముందు అంచు కిందికి వంగిన రాయిని ఎంచుకోండి. అది తెరలా అడ్డొస్తుంది, వెనక ఖాళీ అలాగే ఉంటుంది. ఇంకా కనిపించే పైపుకి ఎపాక్సీ పూసి, తడిగా ఉండగానే ఇసుకలో దొర్లించండి. కొన్నాళ్లకి గులాబీ రంగు కోరలైన్ ఆల్గీ ఎక్కి అది పైపని ఎవరూ పోల్చుకోలేరు.

ఇక ప్రతి కాలికీ చుట్టూ మెలిక తిరిగినట్టు, మూడేసి సెంటీమీటర్ల ఎడంతో 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి. రెండు కారణాలు. లోపల గాలి చిక్కుకోదు. కాలి లోపల నిండిన ఇసుకకీ బయటి ఇసుకకీ మధ్య పురుగులు రాకపోకలు సాగిస్తాయి, లేదంటే ప్రతి కాలూ ఒక మూసేసిన మురుగు గొట్టమే. రంధ్రం అంచుల్లో వేలాడే ప్లాస్టిక్ పీలికలు గీకేయండి.

కాలి అడుగున మూత వేసేవాళ్లు ఒక్కసారి ఆ మూతని బల్ల మీద పెట్టి చూడండి. చాలా ఎండ్ క్యాపుల బుర్ర ఉబ్బెత్తుగా ఉంటుంది. బరువంతా ఆ ఒక్క బొడిపె మీదుగా గాజులోకి దిగుతుంది. క్యాపు బదులు కప్లర్ తొడగండి. అంచు మందం, పాదం వెడల్పు, అడుగు తెరిచే ఉంటుంది.

మూడు కాళ్లా, బల్లా?

ఒక్కటే పెద్ద రాయి అయితే మూడు కాళ్లు చాలు. ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగదు. నాలుగు కాళ్లది అలా కాదు, ఒక కాలు కింద కాగితం మడిచి పెట్టాల్సిందే. రాయిని తలకిందులు చేసి మూడు చోట్లు గుర్తు పెట్టండి. ఆ మూడూ కలిపితే వచ్చే త్రిభుజం వీలైనంత పెద్దదిగా ఉండాలి, రాయి బరువు మధ్య దాని లోపలే పడాలి. బరువు మధ్య ఎక్కడో తెలియాలంటే రాయిని నేల మీద పెట్టిన ఒక పైపు ముక్క మీద ఉంచి అటూ ఇటూ జరపండి. ఎటూ ఒరగకుండా ఎక్కడ తూగుతుందో అదే.

గుర్తు పెట్టిన చోట కాలి తల కూర్చునేలా రాయిని కాస్త చెక్కండి, లేదా మేసన్రీ బిట్టుతో మూడు నాలుగు సెంటీమీటర్ల రంధ్రం వేసి కడ్డీ దింపండి. కడ్డీ రెండో చివర పైపులోకి దిగి, చుట్టూ ఎపాక్సీతో బిగుస్తుంది. డ్రిల్లుని హ్యామర్ మోడ్‌లో పెట్టొద్దు, ఈ రాళ్లు బొరుగుల్లా పగిలిపోతాయి. ముందు సన్న బిట్టు, తర్వాత లావు బిట్టు, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ.

రాళ్లు ఎక్కువైతే బల్ల కట్టండి. టీలు, ఎల్బోలతో దీర్ఘచతురస్రం, దానికి ముప్పై సెంటీమీటర్లకి ఒకటి చొప్పున కాళ్లు, మధ్యలో ఒక అడ్డ పైపు. అడ్డ పైపులకి కూడా పైనా కిందా రంధ్రాలు మరిచిపోవద్దు. బల్లని ఒకే పెద్ద ముక్కగా కట్టకుండా రెండు మూడు చిన్న ముక్కలుగా కట్టమంటాను. ట్యాంకు మూతి లోంచి దూర్చాలి కదా. నేను ఒకసారి బయట అద్భుతంగా కట్టి, అంటించి, ఆరబెట్టి, తీరా దించబోతే గాజుల మధ్య అడ్డుపట్టీ దగ్గర ఆగిపోయింది. హ్యాక్సా మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది.

అతుకులకి సాల్వెంట్ సిమెంట్ పలచగా చాలు. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, తర్వాత రెండు మూడు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి, వాసన పూర్తిగా పోయాకే వాడండి.

తెల్లటి చదరపు గళ్ల ప్లాస్టిక్ షీటు, దీపాల కింద బిగించేది, దాన్ని అడుగున పరిచి పైన ఇసుక పోసే అలవాటు చాలామందికి ఉంది. బరువు ఒక్కచోటే పడకుండా పంచుతుంది, నిజమే. లోతైన ఇసుకలో మాత్రం ప్రతి గడీ ఒక చిన్న గది అయిపోయి పురుగులకి అడ్డం పడుతుంది. దాని బదులు కాళ్ల పాదాల కింద మాత్రమే అరచేతి వెడల్పు పీవీసీ షీటు ముక్కలు పెడితే అదే పని జరుగుతుంది. జాలీ మీద ఇసుక పోసి దాని కింద ఖాళీ గది వదిలే ప్లీనమ్ పద్ధతి ఉంది, మొనాకోలో జాఁ జొబేర్ అనే శాస్త్రవేత్త పేరు మీద ప్రసిద్ధమైంది. మీది ఆ రకం అయితే కాళ్లు జాలీ మీద ఆగకూడదు. జాలీని కోసి కాలిని గాజు దాకా దింపండి, లేదా కాలి సూటిగా జాలీ కింద ఆధారం ఉండేలా చూడండి.

రాయిని రాయితో కలపడం

కింది రాయి గట్టిగా కూర్చున్నాక పైవాటి పని సులువు. రెండిట్లోనూ రంధ్రం వేసి కడ్డీ గుచ్చడం నాకు అన్నిటికన్నా నమ్మకం. జిగురు సాయం మాత్రమే, బరువు మోయాల్సింది కడ్డీ. ఎపాక్సీ ఒక్కటే పెడితే తడి రాయికి సరిగ్గా పట్టదు. సూపర్ గ్లూ జెల్ ఒక చుక్క, మీద పుట్టీ ఉండ, మళ్లీ జెల్, ఆ తర్వాత రాయి నొక్కితే పడుతుంది. ఎపాక్సీ ఎక్కువ వాడిన రోజు స్కిమ్మర్ (నురగతో నీళ్లలో మురికి తీసే పరికరం) నురగ పొంగి పొర్లుతుంది. కప్పు తీసి ఉంచండి, కంగారు పడొద్దు.

చూరులా ముందుకి పొడుచుకొచ్చే పలక రాయి అందరికీ ఇష్టమే. పొడుగులో మూడో వంతుకి మించి గాల్లో ఉంచకండి. దాని మీద రేపు కోరల్ పెరుగుతుంది, ఆ బరువు చివరి అంచు మీదే పడుతుంది.

పేర్చడం అయ్యాక పరీక్ష. గుట్ట మీద అరచెయ్యి పెట్టి నాలుగు దిక్కులా తోయండి. ఏ రాయి గలగలమన్నా విప్పి మళ్లీ కట్టండి. ఇప్పుడు బద్ధకించి వదిలేసింది నీళ్లు నిండాక మోచేతి దాకా తడుపుకుని చేసుకోవాల్సి వస్తుంది.

ట్యాంకులోకి దించడం

ట్యాంకు ఖాళీగా, పొడిగా ఉండాలి. నిలువుగా, అడ్డంగా, మూలలకీ రసమట్టం పెట్టి చూడండి. అడుగు గాజు తుడిచి ఒక్క ఇసుక రేణువు కూడా లేకుండా చేయండి. పాదం కింద చిక్కిన రేణువు మీద కిలోల బరువు పడితే గాజుకి అదే మొదటి గాయం.

పీవీసీ ముక్కలు పరవండి, వాటి మీద కాళ్లు, కాళ్ల మీద రాళ్లు. బరువైన రాయి దించేటప్పుడు రెండో మనిషి ఉండటం మంచిది. పాదాలని గాజుకి సిలికాన్‌తో అంటించాలా అని అడుగుతారు. నేను అంటించను. చుట్టూ 12 సెంటీమీటర్ల ఇసుక పోశాక కాలు పక్కకి జరగదు, పైన బరువు ఉండగా పైకి లేవదు. అంటిస్తే మాత్రం రేపు ట్యాంకు మార్చేటప్పుడు బ్లేడుతో గీక్కోవాలి.

గుట్టని ఇసుక లేకుండానే ఒకరోజు అలా వదిలేయండి. మర్నాడు మళ్లీ తోసి చూడండి. ఇసుక ఒక్క గరిటె కూడా పోయకముందే రాళ్లు సొంతంగా నిలబడాలన్నది నా నియమం.

ఇసుక పోయడం

కాళ్ల చుట్టూ ముందు. మగ్గుతో కొద్దికొద్దిగా పోస్తూ, నాలుగేసి సెంటీమీటర్ల పొరలుగా చేత్తో సర్దుతూ రండి. ఒక పక్కే కుమ్మరిస్తే కాళ్లని తోసేస్తుంది. రాళ్ల కింద మూలలకి ఇసుక చేరాలంటే వెడల్పు గొట్టం ఒకటి ఏటవాలుగా దూర్చి దానిలోంచి పోయండి. ఎండు ఇసుకైతే ముందే కడగండి. లైవ్ శాండ్‌ని కడగొద్దు, అందులోని జీవమంతా పోతుంది.

ఇసుక మీద పళ్లెం పెట్టి, ఆ పళ్లెం మీద ఉప్పునీళ్లు నెమ్మదిగా పోయండి. రెండు మూడు రోజులు పాలలా ఉంటుంది. తేరుకున్నాక ఇసుక కాస్త దిగినట్టు కనిపిస్తే అప్పుడు కలపండి. ఎప్పటినుంచో నడుస్తున్న ఆరోగ్యమైన ట్యాంకులోంచి రెండు మూడు గుప్పెళ్ల ఇసుక తెచ్చి చల్లితే పురుగులు త్వరగా చేరతాయి. అయినా బెడ్ నైట్రేట్‌ని తినడం మొదలెట్టడానికి నెలలు పడుతుంది.

పవర్‌హెడ్‌ని (నీళ్లని తోసే చిన్న పంపు) కాళ్ల మొదళ్లకి గురిపెట్టొద్దు. నీటి ధార ఇసుకని గుంట పెడుతుంది. ధార రాళ్ల కింది సందులోంచి మెల్లగా పారేలా తిప్పండి. నెలకోసారి రబ్బరు బుడ్డి ఉన్న గొట్టంతో ఆ సందులోకి నీళ్లు ఊదితే నలుసులు లేస్తాయి, ఫిల్టర్ పట్టుకుంటుంది.

తవ్వేవాళ్లు వచ్చాక

పిస్టల్ రొయ్య, గాబీ జంట కన్నానికి పైకప్పు వేసుకోవడానికి రాతి ముక్కలు వెతుక్కుంటాయి. ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల ముక్కలు గుప్పెడు ఇసుక మీద చల్లండి. ఇసుకలో కన్నం తవ్వుకునే జాఫిష్ అనే చేపకి కూడా ఇవే ఇష్టం, గులకరాళ్లతో బావికి ఒర కట్టినట్టు చుట్టూ పేరుస్తుంది. ఇంజనీర్ గాబీ పేరుకి తగ్గది. పాములా పొడుగ్గా పెరిగి, ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివరకి సొరంగాలు తవ్వుతుంది. కాళ్లు లేని గుట్ట ఉన్నవాళ్లు దాన్ని తేకపోవడమే మంచిది. డైమండ్ గాబీ నోటినిండా ఇసుక తీసుకుని పైనుంచి రాళ్ల మీద వెదజల్లుతుంది, అది అందం విషయంలోనే ఇబ్బంది. ఇసుకలో తిరిగే శాండ్ సిఫ్టింగ్ స్టార్ అనే నక్షత్రచేప, అది మాత్రం వద్దు. మనం ఏ పురుగుల కోసం ఇంత లోతు ఇసుక పోశామో వాటినే తినేస్తుంది. పెద్ద టర్బో నత్తలు, సముద్రపు అర్చిన్లు రాళ్ల గుట్టని ఏమీ చేయలేవు గాని, అంటించని చిన్న రాళ్లని, కోరల్ ముక్కలని దొర్లించేస్తాయి.

ఇప్పటికే నడుస్తున్న ట్యాంకు అయితే

రాళ్లన్నీ ఒక్కరోజే లేపేయాలనిపిస్తుంది. ఆగండి. ఏడాది దాటిన ఇసుకని ఒకేసారి కలియబెడితే లోపల పేరుకున్నదంతా నీళ్లలోకి వస్తుంది. వారానికి ఒక్క రాయి చొప్పున చేయండి.

40 మిల్లీమీటర్ల పైపు ముక్కలు మూడు, పై అంచు నున్నగా, కింది అంచుకి హ్యాక్సాతో చిన్న పళ్లలా కోసి సిద్ధం చేసుకోండి. పళ్లు సన్నగా మొనదేలకుండా, కింది కొసలు చదునుగా ఉంచండి, గాజు మీద ఆగేవి అవే. రాయిని మెల్లగా లేపి అదే నీళ్లున్న బకెట్లో పెట్టండి. దాని కింద పేరుకున్న మురికిని పక్కనే సైఫన్‌తో లాగేస్తూ ఉండండి. ఇప్పుడు పైపుని ఇసుక మీద నిలబెట్టి, నొక్కకుండా, కుడికీ ఎడమకీ తిప్పుతూ దించండి. ఇసుక చెదరకుండా పైపు లోపలే నిలుస్తుంది. సగం దిగాక కాస్త గట్టిపడుతుంది, అక్కడ ఓపిక పట్టండి. అడుగుకి తగిలినప్పుడు చేతికి చిన్న టిక్కు తెలుస్తుంది. అప్పుడు ఒక్క తిప్పు కూడా ఎక్కువ తిప్పొద్దు. ట్యాంకు బయటి నుంచి చూస్తూ మూడు తలలూ ఒకే మట్టానికి ఉన్నాయో లేదో సరిచూసుకుని రాయిని దించండి.

మధ్యలో గుడ్డు కంపు వస్తే పని ఆపేయండి. పవర్‌హెడ్‌ని నీటి పైభాగం కదిలేలా తిప్పి గాలి పెంచండి, యాక్టివేటెడ్ కార్బన్ వేయండి, చేపలు మామూలుగా ఊపిరి తీస్తున్నాయో చూస్తూ ఉండండి. ఆ చోటుని వదిలి పది రోజుల తర్వాత కాస్త పక్కగా ప్రయత్నించండి.

అన్నీ అయ్యాక గాజు బయట, పక్క వైపున, రాయి అడుగు ఎక్కడుందో అక్కడ ఒక చిన్న టేపు ముక్క అంటించండి. మొదటి నెల వారానికోసారి చూడండి. ఇసుక టేపుకి పైకీ కిందికీ తిరుగుతుంది. ఇప్పుడు నా ట్యాంకులో ఎడమ మూల ఇసుక మూడు వేళ్ల లోతు దిగిపోయి పైపు సగం దాకా కనిపిస్తోంది. రాయి మాత్రం టేపు దగ్గరే ఉంది.